ఛిన్, కిన్, గుమ్, కమ్: తూర్పు ఆసియా తీగవాద్యాల పేర్లు చదవడం ఎలా

చైనాలో గూఛిన్. కొరియాలో గాయగుమ్. వియత్నాంలో దోక్ హుయెన్ కమ్. చెవికి ఏ పొంతనా లేని ఈ మూడు వాద్యాల పేర్ల చివర ఉన్న ఛిన్, గుమ్, కమ్ నిజానికి ఒకే అక్షరం. జపాన్‌వాళ్లు దాన్నే ఒకచోట కిన్ అని, ఇంకోచోట కొతో అని చదువుతారు. చైనాలో పుట్టిన ఈ లిపిని మిగతా మూడు దేశాలూ వందల ఏళ్లు వాడాయి. జపాన్ ఇప్పటికీ వాడుతోంది. కొరియా, వియత్నాం రోజువారీ రాతలో దాన్ని పక్కన పెట్టినా, ఆ లిపితో పాటు వచ్చిన వేల మాటలు మాత్రం అక్కడివాళ్ల నోళ్లలో నిలిచిపోయాయి.

కొరియన్ చారిత్రక సీరియళ్లు చూస్తూ "ఆ పొడుగాటి వాద్యం ఏంటి?" అనుకున్నవాళ్లకీ, జపనీస్ నేర్చుకుంటున్నవాళ్లకీ, వీణో వయొలినో వాయిస్తూ బయటి వాద్యాల మీద ఆసక్తి పెంచుకున్నవాళ్లకీ ఈ మార్గదర్శి పనికొస్తుంది. చైనా లిపి ముందే వచ్చి ఉండనక్కర్లేదు. ఓ డజను అక్షరాలు, నాలుగు ధ్వని సూత్రాలు చాలు. ఒక్క సంగతి మాత్రం మొదటే చెప్పాలి: అక్షరం వాద్యం పేరు చెబుతుంది, వంశం చెబుతుంది, దాని ఆకారం చెప్పదు. ఆకారం కోసం వాద్యాన్నే చూడాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

1. అక్షరాన్ని తెర మీదికి తెచ్చుకోండి

కంప్యూటర్లో ఎమ్మెస్ వర్డ్ తెరిచి 7434 అని కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి. అంకెలు మాయమై ఒక అక్షరం వస్తుంది. అదే ఛిన్. కొంచెం జాగా వదిలి 7435, ఆ తర్వాత 7436 అలాగే కొట్టండి. ఆ రెండూ కలిస్తే పీపా, అంటే చైనావాళ్ల నాలుగు తీగల వాద్యం. ఫోన్లో అయితే వికీపీడియాలో గూఛిన్ పేజీ తెరవండి. మొదటి వాక్యంలోనే రెండు చైనా అక్షరాలు కనిపిస్తాయి. వాటిలో రెండోదాన్ని కాపీ చేసుకోండి.

ఇప్పుడు అక్షరాన్ని బాగా పెద్దది చేసి చూడండి. పైన ఒకేలాంటి రెండు ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో ముక్కలో మూడు అడ్డగీతలు, వాటిని కలుపుతూ ఒక నిలువుగీత. పీపాలోని రెండు అక్షరాల నెత్తినా ఇదే జంట ఉంటుంది. ఛిన్‌కి జోడీగా చెప్పే సె అనే పాతకాలపు 25 తీగల వాద్యం అక్షరానికీ అంతే. నిఘంటువులు వీటిని పచ్చరాయి గుర్తు కింద చేర్చాయి గానీ రాయితో వీటికి ఏ సంబంధమూ లేదు. పాత రూపంలో అది వాద్యం బొమ్మే. గీతలు గీసీ గీసీ అలా తయారైంది.

కింది ముక్క ఉచ్చారణకు ఆధారం. ఛిన్ కింద ఉన్నది "ఇప్పుడు" అనే అర్థం వచ్చే జిన్. పీపాలో మొదటిదాని కింద బి, రెండోదాని కింద బా. అంటే పైముక్క "ఇదొక వాద్యం" అంటుంది, కిందిముక్క "ఇలా పలకండి" అంటుంది. చైనా అక్షరాల్లో ఎక్కువ భాగం ఇలా కట్టినవే. జెంగ్ అనే ఇంకో వాద్యం అక్షరంలో పైన వెదురు గుర్తు, కింద "కొట్లాట" అనే అర్థమున్న జెంగ్. అది కేవలం ధ్వని కోసమే పెట్టింది. జనం ఊరుకుంటారా! అన్నదమ్ములు ఒక సె కోసం కొట్టుకుని రెండు ముక్కలు చేస్తే జెంగ్ పుట్టిందని కథ అల్లేశారు.

ఒక జాగ్రత్త. 1940లలో జపాన్, 1950లలో చైనా చాలా అక్షరాలను తమ తమ పద్ధతిలో సులువు చేశాయి. "సంగీతం" అనే మాటలోని రెండో అక్షరానికి ఇప్పుడు మూడు రూపాలున్నాయి: తైవాన్‌లో పాతది, జపాన్‌లో ఒకటి, చైనాలో మరొకటి. జెంగ్, తీగ అనే అక్షరాలకూ రెండేసి రూపాలున్నాయి. వెతికితే ఏమీ దొరక్కపోతే మాట తప్పని కాదు, రూపం మార్చి చూడండి. ఛిన్‌కి ఈ బెడద లేదు, నాలుగు చోట్లా ఒకటే రూపం. అందుకే దానితో మొదలుపెట్టమన్నాను.

2. నాలుగు ధ్వని సూత్రాలు

మనకు సంస్కృతం ఎలాగో వాళ్లకు ప్రాచీన చైనీస్ అలాగ. అయితే మనకు తత్సమాలు ధ్వనితో వచ్చాయి. "సంగీతం" కన్నడంలో విన్నా మరాఠీలో విన్నా గుర్తుపడతాం. వాళ్లకు మాటలు రాతతో వచ్చాయి, చూస్తే గుర్తుపడతారు గానీ వింటే పట్టుకోలేరు. జపాన్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే అక్షరానికి చైనా నుంచి వచ్చిన చదువు ఒకటి, సొంత మాట ఒకటి. మనం "జలం" అని రాసి "నీళ్లు" అని చదివినట్టన్నమాట. కిన్ మొదటి రకం, కొతో రెండో రకం.

చైనా నుంచి వచ్చిన చదువులు మాత్రం ఒక పద్ధతి ప్రకారం మారాయి. ఆ పద్ధతి పట్టుకుంటే సగం పని అయినట్టే.

మొదటిది, పదం చివరి మ్. ప్రాచీన చైనీస్‌లో ఉన్న ఈ మకారాన్ని కొరియన్, వియత్నామీస్ దాచుకున్నాయి. నేటి చైనా ప్రామాణిక భాష, జపనీస్ దాన్ని న్ చేసేశాయి. ఛిన్, కిన్ ఒకవైపు, గుమ్, కమ్ మరోవైపు. "మూడు" అనే అంకె చూడండి: చైనాలో సాన్, జపాన్‌లో సన్, కొరియాలో సమ్, వియత్నాంలో తామ్. "నాదం" అనే మాట యిన్, ఒన్, ఉమ్, అమ్. ఎక్కడా తేడా రాదు.

రెండోది, మొదటి హల్లు. ఇప్పుడు ఛ అని పలికే చాలా మాటలు ఒకప్పుడు క, గ. ఇకారం పక్కన చేరి మెత్తబడ్డాయి. మిగతా మూడు భాషల్లో పాత హల్లు ఉండిపోయింది. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లోనూ ఛిన్‌ను ఖమ్ అనే అంటారు. అంటే ఈ అక్షరం విషయంలో కాంటనీస్ మాట బీజింగ్ మాట కంటే వియత్నాం మాటకే దగ్గర. ఇదే వరసలో "తీగ" అనే మాట చైనాలో షియెన్, జపాన్‌లో గెన్, కొరియాలో హ్యొన్, వియత్నాంలో హుయెన్.

మూడోది కాస్త చిక్కుది గానీ ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. పదాల చివర ప్, త్, క్ అని ఠక్కున ఆగే ధ్వనులు పూర్వం ఉండేవి. చైనా ప్రామాణిక భాషలో అవి పూర్తిగా రాలిపోయాయి. వియత్నామీస్ ఉంచుకుంది. జపనీస్ వాటికి ఒక అచ్చు తగిలించింది. కొరియన్ త్‌ను ల్‌గా మార్చింది. చంద్రుడి పేరు తీసుకోండి: చైనాలో యుయే, జపాన్‌లో గెత్సు, కొరియాలో వొల్, వియత్నాంలో ఙుయెత్. ఇప్పుడు "చంద్ర వాద్యం" పేరు నాలుగు భాషల్లో: యుయేఛిన్, గెక్కిన్, వొల్గుమ్, ఙుయెత్ కమ్. గుండ్రటి బుర్ర ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇందాకటి సె కూడా ఇంతే: షిత్సు, సుల్, సాత్.

నాలుగోది, చివరి ంగ్. జపనీస్‌లో అది కరిగి దీర్ఘాచ్చు అవుతుంది. చైనా జెంగ్, కొరియా జేంగ్, జపాన్‌లో సో. వియత్నాంలో ట్రాఞ్.

స్వరాల హెచ్చుతగ్గుల సంగతి ఇప్పుడు పట్టించుకోకండి. మాట్లాడ్డానికి అవి కావాలి, పేరు విప్పడానికి అక్కర్లేదు.

3. పేరును ముక్కలు చేయండి

రుద్రవీణ, విచిత్రవీణ అన్నట్టే ఇక్కడా విశేషణం ముందు, వాద్యం వెనక. ముందు ముక్క సాధారణంగా అంకె, ఆకారం, ఊరు, జాతి, రంగు, కాలం, వీటిలో ఏదో ఒకటి.

దోక్ హుయెన్ కమ్ తీసుకుందాం. దోక్ అంటే ఒంటరి, హుయెన్ తీగ, కమ్ మన ఛిన్. ఒంటితీగ వాద్యం. చైనాలో గ్వాంగ్షీ తీరాన ఉండే జింగ్ జాతివాళ్లు ఇదే వాయిస్తారు, వాళ్ల మూలాలు వియత్నాంలోనే. అక్కడ దాని పేరు దూషియెన్‌ఛిన్. సూత్రాలు పెట్టి చూడండి, అక్షరం అక్షరం కలుస్తుంది.

గాయగుమ్‌లో గాయ అనేది కొరియా దక్షిణాన ఉన్న పాత రాజ్యం. ఆ రాజ్యం కూలిపోతున్నప్పుడు ఉరుక్ అనే వాద్యకారుడు పక్కనున్న సిల్లా రాజ్యానికి వెళ్లి, 6వ శతాబ్దంలో అక్కడి రాజు జిన్‌హుంగ్ ఆదరణ పొందాడని 1145లో పూర్తయిన కొరియా చరిత్ర గ్రంథం చెబుతుంది. కమానుతో, అంటే వయొలిన్ బోలాంటి దానితో, వాయించే కొరియా వాద్యం హేగుమ్‌లో హే అన్నది ఉత్తరాన ఉండిన షి అనే జాతి పేరు. చైనా కమాను వాద్యం అర్హు అంటే రెండు తీగల హు. హు అంటే చైనావాళ్లు ఉత్తర, పడమటి దిక్కుల పరాయి జాతులను పిలిచిన మాట. కమానుతో వాయించే పద్ధతి ఎటునుంచి వచ్చిందో పేరే పట్టిస్తోంది. గూఛిన్‌లో గూ అంటే పాతది. ఒకప్పుడు వట్టి ఛిన్. పియానోతో సహా ప్రతిదీ ఛిన్ అయిపోయాక, అసలుదానికి "పాత" అని తగిలించాల్సి వచ్చింది.

వియత్నామీస్‌లో మాత్రం వరస తిరగబడుతుంది. పుస్తకాల భాషలో ఙుయెత్ కమ్, వాడుకలో దాన్ ఙుయెత్. దాన్ అంటే వాద్యం, విశేషణం వెనక వస్తుంది. దాన్ ట్రాఞ్, దాన్ తీ బా, దాన్ తామ్ అన్నీ అంతే. కాబట్టి మొదట దాన్ కనిపిస్తే దాన్ని పక్కనపెట్టి రెండో ముక్క మీద సూత్రాలు ప్రయోగించండి. తీ బా అంటే పీపా అని వెంటనే తేలిపోతుంది. మూడు అనే తామ్ వచ్చింది కాబట్టి దాన్ తామ్ మూడు తీగల చైనా వాద్యం సాన్‌షియెన్ అనీ తెలిసిపోతుంది.

4. ఒకే ధ్వని, వేరే అక్షరం

లిపి వదిలేసిన భాషల్లో ఇదే పెద్ద తలనొప్పి. కొరియన్‌లో గుమ్ అంటే వాద్యమే కాదు, బంగారం కూడా. వియత్నామీస్‌లో కమ్ అంటే పక్షి అనే ఇంకో అక్షరం ఉంది. జియా కమ్ అంటే ఇంటి వాద్యం కాదు, కోళ్లూ బాతులూ.

వాద్యాల్లోనే ఒక మంచి ఉచ్చు ఉంది. కొరియాలో ఆరు తీగల గొమున్‌గోకి పుస్తకాల పేరు హ్యొన్గుమ్. తీగ అంటే హ్యొన్ అని నేర్చుకున్నాం కాబట్టి "తీగ వాద్యం" అనుకుంటాం. కాదు, ఆ హ్యొన్ వేరే అక్షరం, నలుపు అని అర్థం. కొరియా పాత రాజ్యం గొగుర్యొలో వాంగ్ సనక్ అనే ఆయన దీన్ని వాయిస్తే నల్ల కొంగలు వచ్చి ఆడాయని గాథ. గొమున్ అన్నది "నల్లని" అనే కొరియన్ సొంత మాటను పోలి ఉండటం కూడా గమనించండి. ఇలాంటి చోట ఊహ పనికిరాదు. నేవర్ అనే కొరియన్ ఆన్‌లైన్ నిఘంటువులో పేరు కొడితే పక్కనే హాంజా, అంటే పాత చైనా అక్షరాలు, చూపిస్తుంది. వియత్నామీస్‌కి, మిగతావాటికి విక్షనరీ చాలు. ఒక అక్షరం పేజీ తెరిస్తే నాలుగు భాషల చదువులూ ఒకేచోట ఉంటాయి.

5. ఇప్పుడు వాద్యాన్ని చూడండి

అక్షరం తేలింది. ఇక వీడియోనో ఫొటోనో పెట్టుకుని మూడు ప్రశ్నలు వేయండి. మెట్లు ఉన్నాయా? తీగకొక బ్రిడ్జి (తీగను ఎత్తిపట్టే చిన్న ఆధారం) చొప్పున, జరపడానికి వీలుగా ఉన్నాయా? కమాను ఉందా?

గూఛిన్‌కి మూడూ లేవు. ఏడు తీగలు, పలక అంచున 13 తెల్లటి చుక్కలు. ఎడమచేతి వేళ్లు తీగ మీద జారుతూ స్వరాన్ని లాగుతాయి. గాయగుమ్ చూడండి: 12 తీగలు, ఒక్కోదాని కింద కదిలే బ్రిడ్జి. కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచెయ్యి బ్రిడ్జికి అవతలివైపు తీగను నొక్కి గమకం పలికిస్తుంది. ఇది అచ్చంగా జెంగ్ పద్ధతి. పేరు ఛిన్ అక్షరంతో, ఒళ్లు జెంగ్‌ది. 21 తీగల గూజెంగ్, 13 తీగల కొతో, 16 తీగల దాన్ ట్రాఞ్ దీని అక్కచెల్లెళ్లు. గొమున్‌గోకి 16 మెట్లు ఉంటాయి, సన్నటి వెదురుపుల్లతో కొట్టి వాయిస్తారు. హేగుమ్‌కి కమాను ఉంటుంది. గుమ్ అనే ఒక్క అక్షరం కింద కొరియాలోనే ఇన్ని వేరువేరు వాద్యాలు.

జపాన్‌లో గందరగోళం ప్రభుత్వ జాబితాతో వచ్చింది. కొతోకి సరైన అక్షరం జెంగ్‌దే. కానీ వాడుకకు ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలో అది లేదు, ఛిన్ ఉంది. అందుకని మామూలు రాతల్లో ఛిన్ అక్షరం రాసి కొతో అని చదువుతారు. వాద్యకారులు మాత్రం పట్టుబట్టి జెంగ్ అక్షరమే రాస్తారు. మ్యూజియంలో ఏది రాశారన్నది బట్టి అక్కడి క్యూరేటర్ ఎంత పట్టింపు మనిషో చెప్పొచ్చు!

చైనా పీపా, దాని జపాన్ రూపం బివా రాసేది ఒకేలా. చైనాలో నిలబెట్టి పట్టుకుని గోళ్లతో వాయిస్తారు, జపాన్‌లో వెడల్పాటి చెక్కతో తీగల్ని చరుస్తారు. నిజానికి పాత పద్ధతి జపాన్‌దే. థాంగ్ రాజవంశం కాలంలో చైనాలోనూ అడ్డంగా పట్టుకుని చెక్కతోనే వాయించేవారు. రుజువు నారా నగరంలో ఉంది. 756లో షోము చక్రవర్తి పోయాక రాణి కోమ్యో ఆయన వస్తువులను తోదాయ్‌జీ ఆలయానికి ఇచ్చేసింది. వాటిని దాచిన షోసోయిన్ భాండాగారంలో ముత్యపుచిప్ప పొదిగిన ఐదు తీగల బివా ఇప్పటికీ భద్రంగా ఉంది. మీటే చెక్క తగిలేచోట ఒంటె మీద కూర్చుని బివా వాయిస్తున్న మనిషి బొమ్మ ఉంటుంది. అదే భాండాగారంలో షిరగి గొతో అని ఇంకొకటుంది. షిరగి అంటే సిల్లా. పేరులో కొతో ఉన్నా అది గాయగుమే. ఈ వస్తువుల్లో కొన్నిటిని ఏటా శరత్కాలంలో నారా జాతీయ మ్యూజియంలో జనానికి చూపిస్తారు.

బివా పట్టుకున్న దేవత ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి. ఆవిడ బెంజాయ్‌తెన్, మన సరస్వతే. బౌద్ధ సూత్రాలతో జపాన్ చేరి, వీణ బదులు బివా అందుకుంది.

వాద్యం చేసిన కలప పేరుకీ ఇదే పరీక్ష పెట్టాలి. జపాన్ మూడు తీగల వాద్యం షమిసెన్ దండికి అన్నిటికన్నా ఖరీదైన కలపను జపాన్‌లో కోకీ అంటారు, "ఎర్ర మాను" అని అక్షరార్థం. అవే రెండు అక్షరాలు చైనాలో హొంగ్‌ము. కానీ చైనాలో హొంగ్‌ము అంటే ఎన్నో రకాల ఖరీదైన కలపల గుంపు పేరు. జపాన్‌లో కోకీ అంటే ఒకే ఒక్క చెట్టు, మన శేషాచలం కొండల ఎర్రచందనం. చైనాలో ఎర్రచందనాన్ని జితాన్ అంటారు. ఆ జితాన్ అక్షరాలను జపాన్‌లో షితాన్ అని చదివితే అది కోకీ కంటే తక్కువ రకం, వేరే కలప. కడప, తిరుపతి వైపు స్మగ్లింగ్ వార్తలు చదివే మనకు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. పాత షమిసెన్ కొనేటప్పుడైతే మరీ ముఖ్యం. ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్యం, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలో ఉంది, సరిహద్దు దాటించాలంటే కాగితాలు అడుగుతారు.

6. తెల్లవాళ్ల వాద్యాలకు పెట్టిన పేర్లు

పియానో చైనాలో గాంగ్‌ఛిన్, ఉక్కు ఛిన్. వయొలిన్ షియావ్‌థీఛిన్, చేత్తో పట్టుకునే చిన్న ఛిన్. గాలితో పలికే ఆర్గన్ ఫెంగ్‌ఛిన్. అదే అక్షరాలతో కొరియాలో ఫుంగ్గుమ్, జపాన్‌లో పాతమాట ఫూకిన్, వియత్నాంలో ఫోంగ్ కమ్. ఇందులో ఒక్క తీగ కూడా లేదు. ఛిన్ అనేది అప్పటికే "వాద్యం" అనే సాధారణ అర్థానికి జారిపోయింది.

నాకు బాగా నచ్చిన జత "సముద్రం అవతలి ఛిన్". కొరియాలో యాంగ్గుమ్ అంటే సన్నటి కర్రలతో తీగలను కొట్టే, సంతూర్ లాంటి వాద్యం. వియత్నాంలో అవే అక్షరాలు దుఅంగ్ కమ్ అయి పియానో పేరు అయ్యాయి. జపాన్‌లో యోకిన్ కూడా ఒకప్పుడు పియానోనే. పొరపాటేమీ కాదు, రెండిట్లోనూ సుత్తులు తీగల్ని కొడతాయి. చైనాలో యాంగ్‌ఛిన్ మళ్లీ సంతూర్ లాంటిదే. అయితే ఇప్పుడు "విదేశీ" అనే యాంగ్ తీసేసి, "పైకెత్తు" అనే ఇంకో యాంగ్ రాస్తున్నారు. పరాయితనం పేరులోంచి చెరిపేశారు.

7. సామెతల్లో వినిపిస్తే

బో యా అనే ఛిన్ విద్వాంసుడి వాద్యాన్ని జొంగ్ జిఛి అనే మిత్రుడు ఒక్కడే అర్థం చేసుకునేవాడు. మిత్రుడు పోయాక బో యా తీగలు తెంపేశాడు. ఆ కథలోంచి వచ్చిన "నాదం తెలిసినవాడు" అనే మాట ఆప్తమిత్రుడికి పేరు అయింది: జియిన్, చిఇన్, జిఉమ్, ట్రి అమ్. ఛిన్, సె జంట కలిపి అన్యోన్య దాంపత్యం. కొరియన్ సీరియళ్లలో ఎవరైనా ఓ జంటను చూసి గుమ్‌సుల్ బాగుందన్నా, అదే మాటను గుమ్‌సిల్ అని పలికినా, అక్కడ ఏ వాద్యమూ మోగడం లేదు, మొగుడూ పెళ్లాలు బాగున్నారని.

అర్థంకాని వాళ్లకి చెప్పడాన్ని చైనాలో ఆవు ముందు ఛిన్ వాయించడం అంటారు. వియత్నాంలో ఆవు కాస్తా గేదె అయింది, దాని చెవిలో దాన్ వాయిస్తారు. కొరియాలో వాద్యమే పోయి ఆవు చెవిలో మంత్రపఠనం వచ్చింది, జపాన్‌లో గుర్రం చెవిలో. మనకి చెవిటివాడి ముందు శంఖం ఉండనే ఉంది.

8. మీరే విప్పి చూడండి

కింది నాలుగిటినీ జవాబు చూడకుండా ప్రయత్నించండి: లుక్ హుయెన్ కమ్ (లుక్ అంటే ఆరు), షిచిగెన్‌కిన్ (షిచి అంటే ఏడు), అజేంగ్, సన్‌షిన్.

మొదటిది వియత్నామీస్‌లో ఆరు తీగల వాద్యం. గొమున్‌గో అనుకునే ప్రమాదం ఉంది, అసలు జవాబు గిటార్. రెండోది జపనీస్‌లో ఏడు తీగల వాద్యం, అంటే గూఛిన్. మూడోది కొరియాది, జేంగ్ ఉంది కాబట్టి కదిలే బ్రిడ్జిలు సరిగ్గానే ఊహించి ఉంటారు. కానీ దాన్ని వేళ్లతో మీటరు, గరుకు కర్రనో కమానునో తీగల మీద రుద్దుతారు. సన్‌షిన్ ఒకినావాది, పాము చర్మం బిగించిన మూడు తీగల వాద్యం. చైనా సాన్‌షియెన్ ఒకినావా ఉన్న రియుక్యూ దీవులకు వచ్చి సన్‌షిన్ అయింది. 16వ శతాబ్దంలో జపాన్ చేరాక పాము చర్మం స్థానంలో పిల్లి, కుక్క చర్మాలు వచ్చి షమిసెన్ అయింది. ఇక్కడ మొదటి అక్షరం "మూడు" ఒకటే. రెండోది చైనాలో "తీగ" అయితే ఒకినావాలో "దారం, గీత" అనే వేరే అక్షరం. షమిసెన్ రాసేటప్పుడు ఆ రెండిటి మధ్య "రుచి" అనే ఇంకో అక్షరం కూడా దూరుస్తారు, కేవలం ధ్వని కోసం.